పట్టుపోగు వెనుకనున్న ప్రయోగశాల

ధర్మవరములో గుంటమగ్గము ముందు కూర్చున్న నేతకానికి పడుగులో ఒక పోగు తెగినచో చూడకయే తెలియును. చేయి నిలుచును. తెగిన కొనలను వెదకి, అతికి, మరల నాడె ఆడించుటకు కొంత కాలము పట్టును. పూటకు నాలుగు పోగులు తెగిన ఓర్చుకొనవచ్చును. నలుబది తెగినచో ఆనాటి నేత అంగుళములలోనే నిలిచిపోవును. నేతకు కూలి చీర లెక్కన గాని గంటల లెక్కన కాదు గనుక, తెగిన ప్రతి పోగును ఆ యింటి రాబడిలోనుండి తెగినట్లే.

అందుచేతనే మన నేతగాండ్రు పడుగునకు ఒక పట్టును, పేకకు వేరొక పట్టును వాడుట చాలకాలముగా నున్నది. పేకకు మన సీమలో పండిన పచ్చగూళ్ల పట్టు చాలును. పడుగునకు మాత్రము సన్నమై, సమమై, బలము గల తెల్లని పట్టు కావలయును. అట్టి పట్టు మన దేశమున చాలినంత పండక, చైనానుండి దిగుమతియైన పట్టు ఏండ్ల తరబడి మన మగ్గములకెక్కినది. ధర్మవరమునుండి రైలెక్కి పెనుకొండ మీదుగా దక్షిణమునకు సాగినచో నూరు కిలోమీటర్లు నిండకుండగనే హిందూపురము చేరుదుము. అచ్చట రాష్ట్రములోకెల్ల పేరొందిన పట్టుగూళ్ల మార్కెట్టు ఉన్నది. గూళ్ల రాసులు ప్రక్క ఊరిలో ఉండగా పడుగు పోగు చైనానుండి ఏల రావలసివచ్చినది? ఈ ప్రశ్న నేతకానిదైనను, దీనికి సమాధానము మగ్గము దగ్గర దొరకదు. చల్లని గదులు, విద్యుత్తు తీగెలు, సూక్ష్మదర్శినులు, త్రాసులు, లెక్కల పుస్తకములు ఉన్నచోట వెదకవలయును.

మొదట పురుగును గూర్చి కొంత చెప్పుకొందము. పట్టుపురుగు గ్రుడ్డునుండి వెలువడునప్పుడు చీమంత యుండును. 25 మొదలు 28 దినములలో నాలుగు మారులు కుబుసము విడిచి, పుట్టినప్పటి బరువునకు సుమారు పదివేల రెట్లు పెరిగి, గూడు అల్లుకొనును. కుబుసము విడుచుటకు ముందు అది మేత మాని, తల యెత్తి కదలక పడియుండును. ఆ స్థితిని మన రైతులు జ్వరమందురు. మొదటి జ్వరము, రెండవ జ్వరమని లెక్కించుకొందురు. పేరు జ్వరమే గాని అది రోగము కాదు, ఎదుగుదలలో ఒక మెట్టు. వేరొక సంగతి కూడ గుర్తుంచుకొనవలెను. ఈ పురుగు మనవలె తన ఒంటి వేడిని తానుగా నిలుపుకొనలేదు. గది వేడి ఎంతో దాని ఒంటి వేడియు అంతే. పసిపురుగులకు 26 నుండి 28 డిగ్రీల వేడియు, గాలిలో 85 పాళ్ల తేమయు కావలయును. పెద్దవైన పిమ్మట 24, 25 డిగ్రీలు, 70 పాళ్ల తేమ చాలును. మే నెలలో పెనుకొండ కొండరాళ్లు కాగి, ధర్మవరము వీధులలో ఉష్ణమాపకము 40 డిగ్రీలకు చేరు దినములను ఎరిగినవారికి, ఈ అంకెలను నిలుపుట ఎంత పనియో వేరుగ చెప్పనక్కరలేదు.

పట్టుపురుగులలో జాతులు పెక్కు కలవు. ఏడాది పొడుగున తరము వెంట తరముగా సాగు జాతులు ఒక తెగ. టిప్పు సుల్తాను కాలమున మైసూరు రాజ్యములో వేరూనినదిగా చెప్పు మైసూరు జాతి ఈ తెగలోనిదే. ఇది ఎండకు, తెగులునకు తాళుకొనును. ఐతే గూడు చిన్నది, దారము పొట్టిది. ఒక గూటినుండి నాలుగు వందల మీటర్లు వచ్చిన గొప్ప. రెండవ తెగ ఏడాదికి రెండు తరములు మాత్రమే సాగునది. దీనిని బైవోల్టైన్ అని రైతులును పిలుచుచున్నారు. చలి దేశములలో అలవడిన తెగ యిది. గూడు తెల్లన, దారము వేయి మీటర్లకు పైబడి వచ్చును, పోగు సమముగా నుండును. ధర్మవరపు పడుగు కోరునది దీనినే. కాని ఇది సుకుమారి. వేడి నాలుగు డిగ్రీలు పెరిగినను, ఆకు వాడినను, చేయి కడుగక ముట్టినను పంట పోవును.

ఈ రెంటిని కలిపినచో ఎట్లుండునన్న ఆలోచన నుండియే ఆధునిక పట్టుపరిశ్రమ పుట్టినది. జపాను శాస్త్రజ్ఞుడు తోయామా కామెతారో పట్టుపురుగులపై ప్రయోగములు చేసి, మెండెల్ బఠాణీ మొక్కలలో కనుగొన్న వారసత్వ సూత్రములు పురుగులకును వర్తించునని 1906లో ప్రకటించెను. రెండు జాతుల సంకరము మొదటి తరములో తలిదండ్రులిద్దరి కంటెను దృఢముగా నుండునని చూపి, రైతులకు ఆ సంకరపు గ్రుడ్లనే ఈయవలెనని చెప్పెను. ప్రపంచమంతట నేడు జరుగుచున్నది అదియే. మన ప్రాంతమున విరివిగా పెంచు పచ్చగూటి పురుగు, తల్లి మైసూరు తెగనుండియు తండ్రి బైవోల్టైన్ తెగనుండియు తీసిన సంకరమే. ఇట్టి సంకరపు గూళ్లనుండి ఒక చీరకు అరకిలో పట్టు తీయవలెనన్న రెండు వేలకు పైబడి గూళ్లు మరుగు నీటిలో పడవలయును.

సంకరములో ఒక చిక్కున్నది. ఆ గుణము మొదటి తరముతోనే సరి. రైతు తన గూళ్లనుండి చిలుకలను వెలువడనిచ్చి గ్రుడ్లు పెట్టించుకొన్నచో, తరువాతి పంటలో పురుగులు ఒకదానితో ఒకటి పొంతన లేక పెరుగును. కనుక ప్రతి పంటకును క్రొత్తగా సంకరము చేయవలయును. అందులకు తల్లి జాతి, తండ్రి జాతి రెండును కల్తీ లేక ఎప్పుడును సజీవముగా నుండవలయును. వరి, జొన్న విత్తనములైనచో పొడి డబ్బాలో పోసి చల్లని చోట పెట్టిన ఏండ్ల తరబడి నిలుచును. పట్టుపురుగునకు ఆ వీలు లేదు. బైవోల్టైన్ గ్రుడ్డును నిద్రలో నుంచి ఎంత జాగ్రత్త పడినను సుమారు పది నెలలకు మించి నిలుపుట లేదు. ఏడాది తిరుగులోపల దానిని పొదిగించి, పెంచి, మరల గ్రుడ్లు తీయవలయును. మైసూరు తెగకు ఆ నిద్రయు లేదు. గ్రుడ్డు పెట్టిన పది దినములకే పిల్ల వెలువడును. అది ఒక తరము తరువాత ఒక తరముగా, ఏడాదికి ఐదారు మారులు, ఎడము లేక సాగుచుండవలసినదే. నడుమ ఒక్క తరము పోయినచో ఆ జాతి ఆ గదిలో అంతరించినట్లే. గాదెలో పోసి తాళము వేయుటకు వీలులేని విత్తనము ఇది.

హిందూపురము ప్రక్కనున్న కిరికెరలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనాభివృద్ధి సంస్థ ఉన్నది. మైసూరు తెగ గుణమును, బైవోల్టైన్ గుణమును మన ఎండకు తగినట్లు పొందించుట దీని ముఖ్యమైన పనులలో ఒకటి. ఇచ్చట రూపొందిన ఎ.పి.ఎమ్.1 అను జాతిని ఎ.పి.ఎస్.8 అను బైవోల్టైన్ జాతితో కలిపి తీసిన సంకరమునకు స్వర్ణాంధ్ర అని పేరు పెట్టిరి. పేరు పెట్టుట ఒక దినపు పని. పేరుకు తగిన జాతిని నిలబెట్టుట ఏండ్ల పని.

అది ఎట్లు జరుగునో చూచినచో పరిశోధనకు కావలసిన పరికరములు ఏమిటో తెలియును. రెండు జాతులను కలిపి తీసిన సంతతిలో మేలైనవానిని ఎన్నుకొని, వానిలోవానిని కలిపి, మరల ఎన్నుచు ఎనిమిది, పది తరములు పోవలయును. ఒక్కొక్క చిలుక పెట్టిన గ్రుడ్లను వేరువేరుగా నుంచి, వేరువేరు తట్టలలో పెంచుదురు. ఒక చిలుక నాలుగైదు వందల గ్రుడ్లు పెట్టును. ఎన్ని పొదిగినవి, ఎన్ని ఏ జ్వరములో పోయినవి, ఎన్ని గూడు కట్టినవి, ఇవన్నియు ఆ తట్ట పేర వ్రాయవలయును. తరువాత గూళ్లను ఒక్కొక్కటిగా తూచుదురు. గూటిని కోసి పురుగును తీసి, పెంకును వేరుగ తూచుదురు. మొత్తము బరువులో పెంకు నూటికి ఎన్ని పాళ్లన్నది పట్టు ఎంత వచ్చునో తెలుపును. సంకరజాతి గూటిలో ఇది పదిహేడు, పదునెనిమిది పాళ్లుండగా, మంచి బైవోల్టైన్ గూటిలో ఇరువదికి మించును. ఒక గూటి బరువు రెండు గ్రాములకు లోపు. అందులో ఐదవ వంతుకంటె తక్కువయా ఎక్కువయా అని తేల్చు త్రాసు ఎంత సున్నితముగా నుండవలెనో ఊహించుకొనవచ్చును. తూచు గదిలో పంకా తిరిగిన ముల్లు నిలువదు. మే నెలలో చెమటలు కారుచు తలుపులు మూసికొని కూర్చుండి గూళ్లు తూచినవారి పేర్లు ఏ పత్రికలోను పడవు.

ఇంత శ్రమయు ఒక్క షరతు మీద నిలిచియున్నది. ఈ తట్టకును ఆ తట్టకును తేడా జాతివలననే వచ్చినదై యుండవలెను గాని గదివలన వచ్చినదై యుండరాదు. కిటికీ ప్రక్క తట్ట వేడెక్కి, మూల తట్ట చల్లగా నున్నచో, గెలిచినది జాతియా మూలయా అన్నది ఎవరును చెప్పలేరు. కనుక గది అంతటను ఒకే వేడి, ఒకే తేమ, దినమంతయు, నెల పొడుగున నిలువవలయును. రైతు తన షెడ్డులో గోనెపట్టాలు తడిపి వ్రేలాడదీయును, పైకప్పు మీద కొబ్బరి మట్టలు పరచును. అతనికి అది చాలవరకు సరిపోవును. పరిశోధనకు అది చాలదు. చల్లబరచు యంత్రము, తేమ చిమ్ము యంత్రము, వానిని నడపు విద్యుత్తు, విద్యుత్తు పోయిన తక్షణము అందుకొను జనరేటరు, జనరేటరునకు డీసెలు, డీసెలునకు మంజూరు కావలయును.

మీ యింట రేడియో వినుచుండగా కరెంటు పోయినచో ఒక పాట సగములో ఆగును. కరెంటు వచ్చిన పిమ్మట మరొక పాట వినవచ్చును. పెంపక గదిలో కరెంటు ఒక మధ్యాహ్నమంతయు పోయినచో నష్టము ఆ మధ్యాహ్నముతో పోదు. పురుగులు చావకపోవచ్చును. మేత తగ్గించి, ఒకటి రెండు దినములు ఆలస్యముగా జ్వరమునకు పోయి, పలుచని గూళ్లు కట్టును. పుస్తకములో అంకెలు ఎక్కును. ఆ అంకెలను నమ్మి మంచి జాతిని తప్పించి, మందమైన జాతిని ఎన్నుకొనుట జరుగవచ్చును. తప్పు నాలుగు తరముల తరువాత గాని బయటపడదు. అందుచేత అనుభవజ్ఞులైన పరిశోధకులు గూళ్ల లెక్క ప్రక్కనే గది వేడి లెక్కను, కరెంటు పోయిన గంటల లెక్కను వ్రాయించుదురు. నాకు ఈ రెండవ లెక్కయే మొదటిదాని కంటె విలువైనదిగా తోచును.

గ్రుడ్డు నిద్ర సంగతి మరింత విచిత్రము. బైవోల్టైన్ చిలుక పెట్టు గ్రుడ్లు నిద్రపోవునా, పది దినములలో పొదుగునా అన్నది, ఆ చిలుక తాను గ్రుడ్డులో నున్నప్పుడు చవిచూచిన వేడిని, వెలుతురును బట్టి యుండును. తల్లి గ్రుడ్డు 25 డిగ్రీల వెచ్చదనములో వెలుతురున పొదిగినచో, ఆమె పెట్టు గ్రుడ్లు నిద్రలోనికి పోవును. 15 డిగ్రీల చల్లదనములో చీకటిలో పొదిగినచో, ఆమె పెట్టు గ్రుడ్లు నిద్రపోకయే పొదుగును. పిల్లల నిద్రను తల్లి పుట్టకముందటి గది నిర్ణయించుచున్నదన్నమాట. నిద్రపోవలసిన గ్రుడ్లను మేలుకొలుపుటకు వేరొక ఉపాయము కలదు. గ్రుడ్లు పెట్టి ఒక దినము నిండులోగా వానిని 46 డిగ్రీలకు వెచ్చబరచిన హైడ్రోక్లోరిక్ ఆమ్లములో కొద్ది నిమిషములు ముంచి, ఆమ్లము జాడ లేకుండ నీటిలో కడిగి ఆరబెట్టుదురు. అట్లు చేసినచో నిద్ర పట్టక పది దినములకు పిల్లలు వెలువడును. ఒకటి రెండు డిగ్రీలు హెచ్చిన గ్రుడ్డు ఉడికిపోవును, తగ్గిన సగము గ్రుడ్లు నిద్రలోనే యుండును. నిద్రించు గ్రుడ్లను మాత్రము నెలల తరబడి శీతలగదులలో మెట్టుమెట్టుగా వేడి తగ్గించి, 5 డిగ్రీలకును అంతకు తక్కువకును దింపి దాచి, రైతులు పురుగు మేపు తేదీకి సరిగా మరల మెట్టుమెట్టుగా పైకి తెత్తురు. ఈ శీతలగది తలుపు రబ్బరు పాడై గాలి చొరబడుచున్నను కొన్ని నెలల వరకు ఎవరికిని తెలియదు. తెలియు దినమున వందల రైతుల షెడ్లలో పురుగు ఒకే దినమున వెలువడక మూడు, నాలుగు దినములు సాగుచుండును.

సూక్ష్మదర్శిని కథ ఇంతకంటె ప్రాతది, మరింత ప్రసిద్ధమైనది. 19వ శతాబ్ది నడుమ ఫ్రాన్సు దేశపు పట్టు పరిశ్రమను పెబ్రిన్ అను రోగము నేలకూల్చినది. 1865లో లూయీ పాశ్చర్‌ను ఆ రోగమును పరిశీలింపుమని కోరిరి. ఆయన అంతకుముందు పట్టుపురుగును ముట్టి యెరుగడు. అలేస్ పట్టణమునకు పోయి ఐదేండ్లు ఆ పనిలోనే యుండెను. తల్లి చిలుక ఒంటిలోని సూక్ష్మజీవి గ్రుడ్డులోనికి దిగి బిడ్డకు సంక్రమించుచున్నదని తేల్చి, దానికి ఆయన చెప్పిన విరుగుడు ఔషధము కాదు, ఒక పద్ధతి. ప్రతి తల్లి చిలుకచేతను వేరుగ గ్రుడ్లు పెట్టించుము. పిదప ఆ చిలుకను కొలది నీటితో నూరి ఒక చుక్కను సూక్ష్మదర్శిని క్రింద చూడుము. మెరయు అండాకారపు బీజములు కనబడినచో ఆ గ్రుడ్లను కాల్చివేయుము. నేటికిని లోకములోని ప్రతి గ్రుడ్ల ఉత్పత్తి కేంద్రములోను ఈ పని జరుగుచునే యున్నది. సూక్ష్మదర్శినితో పాటు దాని ముందు గంటల తరబడి కూర్చుండి కన్ను వాలక చూచు మనిషియు ఈ ఏర్పాటులో భాగమే. కన్ను అలసినచో అద్దము ఎంత మంచిదైనను లాభము లేదు.

గ్రాసరీ అను మరొక రోగమునకు మాత్రము ఈ పద్ధతి చాలలేదు. వైరస్ వలన వచ్చు ఈ రోగము తగిలిన పురుగు ఉబ్బి, చర్మము చిట్లి, పాలవంటి ద్రవము కారుచు చచ్చును. ఆ ద్రవము తగిలిన ఆకును తిన్న పురుగులన్నిటికిని అదే గతి. రైతు చేయగలిగినదెల్లను షెడ్డు కడుగుట, మందు చల్లుట, రోగి పురుగును ఏరి పారవేయుట. పురుగులోనే ఆ వైరస్‌ను అణచు శక్తిని నింపగలమా యన్న ప్రశ్న హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. అను డి.ఎన్.ఏ. పరిశోధన కేంద్రములో డాక్టరు జె. నాగరాజు బృందము చేపట్టినది. కిరికెర సంస్థయు ఆ కృషిలో పాలుపంచుకొన్నది.

ఈ పనికి పునాది గ్రంథము పురుగు జన్యు పటము. 28 జతల క్రోమోసోములలో సుమారు 43 కోట్ల అక్షరములుగా వ్రాయబడియున్న ఆ పటమును జపాను శాస్త్రజ్ఞులును, చైనా శాస్త్రజ్ఞులును వేరువేరుగా చదివి 2004లో ప్రకటించిరి. రెండు ప్రతులను కలిపి సరిచూచిన పాఠము 2008లో వెలువడినది. దేశముల మధ్య పట్టు వ్యాపారములో పోటీ యెంత యున్నను, ఈ పాఠమును లోకములో ఎవరైనను ఉచితముగా చదువుకొనునట్లు కంప్యూటరు నిధులలో నుంచిరి. హైదరాబాదు కేంద్రమువారును, ఒక జాతి పురుగును మరొక జాతినుండి గుర్తుపట్టుటకు ఉపకరించు డి.ఎన్.ఏ. గుర్తుల నిధినొకదానిని 2005లో అట్లే అందరికిని తెరచి యుంచిరి. గూటిని చూచి జాతిని చెప్పుట పెద్దల నేర్పు. రెండు జాతుల గూళ్లు ఒకే తీరుగ నున్నప్పుడు డి.ఎన్.ఏ. సాక్ష్యము చెప్పును. కల్తీ ఎక్కడ జరిగినదో అప్పుడు దాచుటకు వీలుండదు.

వైరస్ బ్రతుకుటకు అవసరమైన పలు జన్యువుల పనిని పురుగు కణములే ఆపునట్లు చేయు డి.ఎన్.ఏ. తునుకను ఆ బృందమువారు కూర్చి, గ్రుడ్డులోనికి ఎక్కించిరి. చెప్పుటకు సులువుగా నున్నది. గ్రుడ్డు ఆవగింజకంటె చిన్నది, పెంకు గట్టిది. పెట్టిన కొద్ది గంటలలోనే పెంకునకు లోహపు సూదితో రంధ్రము చేసి, వెండ్రుకకంటె సన్నని గాజు గొట్టముతో ద్రవమును చొప్పించి, రంధ్రమును మూయవలయును. ఇట్లు వందల గ్రుడ్లకు చేసినచో కొన్ని మాత్రమే బ్రతుకును, బ్రతికినవానిలో కొన్నింట మాత్రమే తునుక నిలుచును. నిలిచినదా లేదా అని తెలియుటకు దానితోపాటు వెలుగును వెదజల్లు ఒక ప్రోటీను జన్యువును జతచేయుదురు. ప్రత్యేక కాంతిలో సూక్ష్మదర్శిని క్రింద చూచిన పురుగు కన్నులు మెరయును. అట్టి పురుగులను మొదట నిస్తారి అను మన దేశపు జాతిలో సిద్ధముచేసి, తరువాత తరము వెంట తరముగా సి.ఎస్.ఆర్.2 అను వాణిజ్య బైవోల్టైన్ జాతిలోనికి సంకరము చేసి దించిరి. ఫలితములు 2013లో ఒక అంతర్జాతీయ జన్యుశాస్త్ర పత్రికలో వచ్చినవి. వైరస్ సోకినను ఈ పురుగులు తట్టుకొనినవని ఆ వ్యాసము తెలిపినది. డాక్టరు నాగరాజు ఆ వ్యాసమును అచ్చులో చూడలేదు. ఆయన 2012 చివర కన్నుమూసిరి.

హైదరాబాదులో మెరసిన కన్నులకును హిందూపురము రైతు తట్టకును నడుమ చాల దూరమున్నది. ప్రయోగశాలలో గెలిచిన పురుగు వేరువేరు ఋతువులలో, వేరువేరు చోట్ల, వేరువేరు ఆకులు తిని గెలువవలయును. జన్యువు మార్చిన పురుగు గనుక ప్రభుత్వ సంఘముల అనుమతులు కావలయును. పరీక్ష జరుగు గదికి రెండు వరుసల తలుపులు, సన్నని వలలు, పని ముగిసిన పిమ్మట సమస్తమును దహించు ఏర్పాటు ఉండవలయును. పట్టు చిలుకకు రెక్కలున్నను ఎగురలేదు; వేల యేండ్ల పెంపకము దాని యెగురు శక్తిని హరించినది. ఐనను జాగ్రత్త జాగ్రత్తయే. ఇట్టి గదులు లేనిచోట ఎంతటి శోధనయు కాగితము మీదనే నిలిచిపోవును.

ఆకు మాట మరచుటకు వీలులేదు. మల్బరీ ఆకు పురుగునకు ఆహారము మాత్రమే గాదు, పరిశోధకునికి అది కొలమానము. ఈ నెల తోటకు నీరు చాలక ఆకు ముదిరినచో, గత నెల పంటతో ఈ నెల పంటను పోల్చుటకు వీలులేదు. అనంతపురము ప్రాంతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో దేశమంతటిలోను అల్పవర్షపు సీమలలో ఒకటిగా పేరొందినది. ఈ సీమలో ఏడాది పొడుగున లేతాకు నిచ్చు తోటను నిలుపుటయు ప్రయోగశాల నిర్మాణములో భాగమే. శ్రీశైలము నీటిని హంద్రీ-నీవా కాలువ ద్వారా పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయమునకు తెచ్చిన పిమ్మట, ఆ నీరు చూపి పెనుకొండ మండలములో కియా మోటారు కార్ల కర్మాగారమును నిలిపిరి. అది 2019లో ప్రారంభమైనది. కార్లు తయారు కాకముందే నీరు, దారి, విద్యుత్తు సిద్ధముచేసిరి. అందులో ఎవరికిని వింత తోచలేదు, తోచనక్కరలేదు. ఒక పురుగుల గదికి ఇదే క్రమము పాటింపుమన్నచో మాత్రము, మొదట ఫలితము చూపుడు, పిమ్మట చల్లబరచు యంత్రము చూతము అనువారు మనలో లేకపోలేదు.

ఈ దేశపు అలవాటు ఒకటి చెప్పక తప్పదు. కట్టడమునకు డబ్బు దొరకుట సులువు. దానికి శంకుస్థాపన యుండును, ప్రారంభోత్సవముండును. కంప్రెసరులో గ్యాసు నింపుటకు ఉత్సవము జరుపు పద్ధతి లేదు. ఖాళీ యైన ఉద్యోగమును నింపుటకు పూలదండలు రావు. పురుగు మాత్రము శిలాఫలకమును చదువదు. రాత్రి పది గంటలకు నాలుగవ మేత వేయు మనిషి రాకపోయిన దానికి తెలియును. అందుచేతనే ఒక్క గదిని నమ్ముకొనక, జాతులను రెండు మూడు చోట్ల నిలుపుట మంచిదని పెద్దలు గ్రహించిరి. తమిళనాడులోని హోసూరులో కేంద్ర పట్టు మండలివారు ఇట్టి జాతుల భాండాగారమును నడుపుచున్నారు. అచ్చట నాలుగు వందలకు పైగా పట్టుపురుగు జాతులను ఏడాదికొకమారో, కొన్నిమార్లో పెంచి, గ్రుడ్లు తీసి, మరల దాచుచున్నారు. ఎవరును అడుగని జాతికిని అదే ఆకు, అదే లెక్క. నేడు పనికిరాని పురుగులో రేపటి తెగులునకు తాళు గుణముండవచ్చునని వారి తలంపు. హోసూరు ప్రాంతమున మన తెలుగువారు చాలమంది కలరు గనుక, ఆ పల్లెలకు పోయినప్పుడు ఇది చూచి రాదగినది.

చివరకు పట్టు ధర్మవరము చేరును. దారము తీయు కేంద్రములో పోగు బలమును పరీక్షించు గది యొకటి యుండును. అందులో తేమను 65 పాళ్లకు నిలిపి, పట్టు చిలపలను చుట్టయంత్రమున కెక్కించి, నిర్ణీత కాలములో ఎన్ని మార్లు తెగినదో లెక్కించుదురు. గాలి పొడిగా నున్నచో మంచి పట్టును తెగును, అప్పుడు లెక్క అబద్ధమగును. అందుకే ఆ గదికి అన్ని యంత్రములు. ధర్మవరము నేతకానికి అట్టి గది లేదు. అతని తాతలు నేలను తవ్వి మగ్గమును గుంటలో దింపిరి. నేల తేమ పడుగును అంటియుండును, పోగు మెత్తబడును. వేసవిలో అతడు గుంటలో నీరు చిలుకరించి, తెల్లవారకముందే పని మొదలుపెట్టి, ఎండ ముదురువేళకు నాడె నిలుపును.